వదిన నాలుక మీది ఉప్పు

మా వదిన పోయింది. ఆ కబురు నాకు గోల్ ఘర్ బజారులో విత్తనాల కొట్టు ముందు అందింది. ముల్లంగి, తోటకూర, చిక్కుడు పొట్లాలు కట్టించుకు రమ్మని పొద్దున్న నన్ను తరిమింది ఆవిడే. ఫోన్‌లో మా ఆవిడ, "అక్క పలకటం లేదండీ, మీరొచ్చీయండి" అని ఆగిపోయింది. కొట్టాయన తలెత్తకుండా, "అంకుల్, చిక్కుడు తెల్లదా, ఎర్రదా?" అన్నాడు. "తెల్లది" అన్నాను. వదినకి ఎర్ర చిక్కుడు గిట్టదు. మనిషి పోయిన సంగతి చెవికి చేరినా, నోటికి చేరడానికి కాస్త వ్యవధి పడుతుంది కాబోలు.

ఎవరీ వదిన అంటారా, మా అన్న భార్య. అన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ మేస్త్రీ పని చేసి, పోర్ట్ బ్లెయిర్ దాటాక సిప్పీఘాట్ పల్లంలో రెండు గదుల ఇల్లూ, దానికి నాలుగింతల పెరడూ ఏర్పరచుకున్నాడు. మేస్త్రీవై ఉండీ ఇల్లు చిన్నదిగా కట్టుకున్నావేమని అడిగితే, "ఇల్లు నాది, పెరడు మీ వదినది" అనేవాడు. సునామీకి కొన్నేళ్ళ ముందే పోయాడు. పిల్లలు లేరు. మేము డిగ్నాబాద్‌లో మెట్ట మీద ఉండేవాళ్ళం. వచ్చి మాతో ఉండమంటే వదిన నవ్వేది. "మీ మెట్ట మీద ఏటి మొలుస్తాది మరిదీ, రేషన్ కార్డా?"

నేను బడిలో చదివింది తక్కువ. పకోడీలు కట్టిన కాగితాలతో సహా దొరికినదల్లా చదివి పెద్దవాణ్ణయ్యాను. శరదృతువంటే తెల్లటి వెన్నెల, విచ్చుకున్న తామరలు అని ఎక్కడో చదివి చాలాకాలం నమ్మాను కూడా. మా దీవుల్లో ఆశ్వయుజమంటే బూజు. చెప్పుల మీద బూజు, పెట్టెలో దాచిన పెళ్ళి పట్టుచీర మీద బూజు. ఒక వాన పోతూ పోతూ రెండో వానకి తాళాలు అప్పగించి వెళుతుంది. ఆ రెంటి మధ్య సందులోనే వదిన పెరటి పనంతా నడిచేది. కొబ్బరాకుల పందిరి కింద వంగనారు, మిరపనారు. చిక్కుడు పాకడానికి వెదురు పందిరి. నాటిన మొక్క వాడకుండా పైన అరటి దొప్ప. అన్నిటికన్నా ముందు మళ్ళ చుట్టూ కాలవలు. ఇక్కడ మొక్కను చంపేది ఎండ కాదు, నిలవ నీరు. అందుకని పెరడున్న ప్రతివాడూ ఆ రోజుల్లో పార పట్టుకుని నీటిని బయటికి తోలేస్తూ కనిపిస్తాడు.

ఇక నత్తలు. వీటి కథ ఒకటి చెప్పి ముందుకు పోతాను. అరచేతంత ఉంటాయి. యుద్ధకాలంలో జపాను సైన్యం తిండికోసం తెచ్చి వదిలిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. నిజమో కాదో నాకు తెలియదు. సైన్యం మాత్రం వెళ్ళిపోయింది, నత్తలు సెటిలైపోయాయి, మనలాగే. సాయంత్రమయ్యేసరికి నారుమడి మీదికి బయల్దేరతాయి. అందరూ ఉప్పు చల్లి చంపుతారు. సునామీకి ముందు వదినా అలాగే చంపేది.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్న భూమి ఊగినప్పుడు ఆవిడ ముల్లంగి పీకుతోంది. రోడ్డు మీదికి పరిగెత్తి నిలబడి చూసింది. "గోడలాగ వొచ్చిందంతారు కదా అందరూ. నా పెరట్లోకి అలా రాలేదు. నాను తవ్విన కాలవల్లోంచే, చుట్టంలాగ వొచ్చింది" అని చెప్పేది. చుట్టం వెళ్ళాక తెలిసింది, నేల కుంగిందని. అప్పటినుంచి ప్రతి పౌర్ణమికీ అమావాస్యకీ పోటు నీరు పెరటి అంచుదాకా రావడం మొదలెట్టింది. దీవుల్లో ఎందరో అయినవాళ్ళనే పోగొట్టుకున్న రోజులవి. చిక్కుడు పందిరి కోసం ఏడవడం బాగుండదనుకుందేమో, వదిన ఏడవలేదు.

నేను వెళ్ళి పెట్టె సర్దుకోమన్నాను.

"ఉండు మరిదీ" అంది. "ఈ పెరట్లో మళ్ళీ చిక్కుడు కాసిందా, నానిక్కడే. కాయలేదా, నీ ఇంటికొచ్చీసి నీ పెళ్ళాం పెట్టిన చారు నోరు మూసుకుని తాగతాను."

"చారుకేమైంది?"

"అదే మరి. ఆ చారు గుర్తొచ్చే చిక్కుడు కాయాలని మొక్కుకుంటన్నాను."

పై ఏడు వానలు తగ్గుముఖం పట్టగానే ఎప్పటిలాగే పార తీసింది. కాలవలు లోతు చేసింది. నీరంతా చక్కగా బయటికి పోయింది. విత్తనాలు మొలిచాయి, రెండాకులు వేశాయి, నిప్పు తగిలినట్టు ఆకుల అంచులు మాడి చచ్చాయి. మళ్ళీ వేసింది, మళ్ళీ చచ్చాయి. అప్పటికి గానీ పొరపాటు అర్థం కాలేదు. ఉప్పును కడిగిపెట్టవలసిన వాన నీటిని తన చేతులతోనే తరిమేసింది. నిలవ నీటికి భయపడి భయపడి అలవాటైన చేతులు. ఆ పల్లంలో అందరి చేతులూ ఆ ఏడు అదే పని చేశాయి.

మరుసటి ఏడు కాలవలకి గోనెసంచులు కుక్కింది. పెరటి చుట్టూ గట్టు వేసింది. వాన నీరు లోపల మోకాలి లోతు నిలిచింది. పక్క పెరటాయన రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, బాతులు పెంచేవాడు. గట్టు మీద నిలబడి, "దీదీ, మఛ్లీ పాలోగీ క్యా?" అని అరిచాడు, చేపలు పెంచుతావా ఏమిటని.

"హా భయ్యా, తుమ్హారా బత్తఖ్ కో ఖిలాయేగా!" అంది వదిన, నీ బాతులకే పెడతానని. ఆవిడ హిందీకి వ్యాకరణం ఉండేది కాదు, జవాబు మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఆటు వేళ చూసి గోనె లాగేసేది. నిలిచిన నీరు పోయాక మళ్ళీ కుక్కేది. ప్రతిసారీ మడిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, "ఇంకా ఉంది" అనేది. నేనూ ఒకసారి రుచి చూసి, నాకేం తెలియటం లేదే అన్నాను. "నీది బీడీలు కాల్చీసిన నాలిక. దీనికి పనికిరాదు" అంది.

నత్తల మీద ఉప్పు చల్లడం అప్పుడే మానేసింది. నేను అలవాటుగా డబ్బా తీస్తే కసిరింది. "సముద్రం పోసింది చాల్లేదా, నువ్వో గుప్పెడు పోస్తావా?" బకెట్లోకి ఏరి బాతులాయనకి ఇచ్చేది.

మార్గశిరంలో ఇంటి గోడ పక్క మడి ఒక్కటే లొంగింది. దాని మీద చిక్కుడు పాకింది, పూసింది, కాసింది. గిన్నెలో కూర పట్టుకుని బస్సెక్కి డిగ్నాబాద్ వచ్చింది. "తినండి. ఉప్పు వెయ్యకుండానే వండీసినాను" అంది. మా ఆవిడ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోతే, పగలబడి నవ్వింది. ఆ తరువాత నేను పెట్టె మాట ఎత్తలేదు.

అలా కొన్నేళ్ళు జరిగాయి. ఆశ్వయుజం వస్తే గట్టు, గోనె, వేలు, నాలుక. ఏడాదికేడాదికీ పోటు ఇంకొంచెం లోపలికి వచ్చేది. బాతులాయన విసిగి పోర్ట్ బ్లెయిర్ వైపు బతు బస్తీలో అద్దెకి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక వదినకి అరిచి జవాబు చెప్పడానికి మనిషి లేకపోయాడు.

ఓ కార్తీక పౌర్ణమికి గట్టు తెగింది. నేను వెళ్ళేసరికి వదిన గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పందిరి నిండా చిక్కుడు పూత. కింద సముద్రం.

"రుచి చూడవా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"ఎందుకు మరిదీ, వాసనే వస్తంది." లేచి చీర దులుపుకుని, "నీ పెళ్ళానికి చెప్పు, చారులో గ్లాసుడు నీళ్ళు ఎక్కువ పొయ్యమని" అంది.

ఆ తరవాత పోయేదాకా ఏళ్ళపాటు మా డాబా మీద చేపలొచ్చే థర్మోకోల్ పెట్టెల్లో మట్టి నింపి మొక్కలు పెంచింది. బాగానే కాశాయి. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుంటే, "ఇయ్యేటి, లాడ్జిలో దిగిన మొక్కలు" అనేది. నారు తీసి నాటడం మా ఆవిడకి నేర్పేటప్పుడు ఒక మాట చెప్పేది. "వేళ్ళకున్న మట్టి దులపకు. దులిపినా బతుకుతాది గానీ, చాన్నాళ్ళు బెంగెట్టుకుంటాది." చారుకి మాత్రం ఒక్కనాడూ వంక పెట్టలేదు. పెట్టిన గిన్నె పెట్టినట్టు తాగి, బాగుందనేది. నాకు భయం వేసింది అప్పుడే. వంక పెట్టని వదినతో ఎలా మెలగాలో మాకు తెలియదు.

దినవారాలు అయ్యాక నేనొక్కణ్ణీ సిప్పీఘాట్ వెళ్ళాను. ఆటు వేళ. గోడలు లేవు, పునాది ఉంది. పెరట్లో ఉప్పునీటిలో బతికే మడ చెట్లు మొలిచి నా భుజం దాటాయి. మళ్ళ మధ్య వదిన తవ్విన కాలవల్లో కొట్టుకొచ్చిన విత్తు నిలబడి మొలిచినట్టుంది, తాడు పట్టి నాటినట్టు వరసలుగా ఉన్నాయి. కొమ్మల మీదే మొలకెత్తిన కాయలు ములక్కాడల్లా వేలాడుతున్నాయి. నేను చూస్తుండగానే ఒకటి తెగి, కింది బురదలో నిటారుగా దిగబడింది. కాసేపు ఊగి నిలిచింది. ఈలోగా పోటు మొదలై, ఎక్కడినుంచో చప్పుడు లేకుండా నీరు వచ్చి దాని మొదలు చుట్టూ తిరిగింది.