కొవ్వొత్తులు పెరిగిన రహస్య సంఘం

2009 మార్చి మొదటి సోమవారం నా బల్ల మీదికి వచ్చిన స్క్రిప్టుకు "నాజీల నల్ల మంత్రం" అని తాత్కాలికంగా పేరు పెట్టారు. చరిత్ర డాక్యుమెంటరీలు తీసి కేబుల్ చానళ్లకు అమ్మే ఒక చిన్న కంపెనీలో, న్యూజెర్సీలో, నేను అప్పటికి ఆరో ఏడు ఫ్యాక్ట్ చెకర్‌గా పనిచేస్తున్నాను. నాకు చరిత్రలో డిగ్రీ లేదు, లెక్కల్లోనూ లేదు. ఇంటర్ కాగానే పెళ్లయింది, తర్వాత అమెరికా వచ్చాం. ప్లెయిన్స్‌బరో లైబ్రరీ పుస్తకాలతో గణాంకాలు నేర్చుకున్నాను. ఉద్యోగానికి వెళ్లినప్పుడు పరీక్షకని ఇచ్చిన పాత స్క్రిప్టులో ఒక సైనికుడు తాను పుట్టడానికి రెండేళ్ల ముందే యుద్ధంలో గాయపడ్డట్టు రాసి ఉందని చూపించాను. ఆ తీసివేత ఒక్కటే నా అర్హత.

పని పద్ధతి ఇలా ఉండేది. స్క్రిప్టులో ప్రతి వాక్యానికీ ఒక నంబరు వేస్తాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు దొరికితే ఆకుపచ్చ, ఒక్కటే దొరికితే పసుపు, ఏదీ లేకపోతే ఎరుపు. ఎరుపు వాక్యం ప్రసారం కాకూడదు. కంపెనీలో పైన ప్రొడ్యూసర్, తర్వాత రచయిత, ఎడిటర్, అందరికన్నా అడుగున నేను. అయినా చివరి షీటు మీద నా సంతకం లేనిదే లీగల్ వాళ్లు కార్యక్రమాన్ని చానల్‌కు పంపరు. ఆ ఒక్క కాగితం దగ్గర మాత్రమే నా మాట చెల్లేది.

ఆ జనవరిలో మా ఆయనకు పార్సిప్పనీలో ఉద్యోగం పోయింది. ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీదే నడుస్తోంది. నా కాంట్రాక్టు ఏప్రిల్‌లో రెన్యూ కావాలి. ఆ సంగతి ప్రొడ్యూసర్ డెన్నిస్‌కు తెలుసు. తెలుసని నాకూ తెలిసేలా చేశాడు.

స్క్రిప్టులో 412 వాక్యాలు. అన్నిటికీ ప్రాణం మూడో వాక్యం: మొదటి ప్రపంచ యుద్ధం చివర మ్యూనిక్‌లో వెలిసిన ఒక రహస్య సంఘంలో, చిన్న మీసాల నాజీ నాయకుడు దీక్ష తీసుకున్న సభ్యుడు. ఆధారంగా రచయిత తొమ్మిది పుస్తకాలు ఇచ్చాడు. తొమ్మిది అనగానే ఎవరైనా ఆకుపచ్చ వేసి టీ తాగడానికి వెళ్తారు. నేను ఏ పుస్తకం ఏ పుస్తకంలోంచి తీసుకుందో వరసగా గీతలు గీసుకుంటూ వెళ్లాను. ఎనిమిది గీతలూ ఒకే పుస్తకంలోకి వెళ్లి ఆగాయి. ఆ పుస్తకం "అని చెప్పుకుంటారు" అని ఊరుకుంది. ఎవరు చెప్పుకుంటారో రాయలేదు. అంటే ఆధారం ఒక్కటి కూడా లేదు, ఎరుపే.

ఇంకో తమాషా కూడా కనిపించింది. దీక్ష రాత్రి వెలిగించిన కొవ్వొత్తులు. మొదటి పుస్తకంలో ఒక్కటీ లేదు. తర్వాతి దానిలో మూడు, ఆ తర్వాత ఏడు, చివరి పుస్తకానికి పదమూడు. మా డెన్నిస్ ఏకంగా ఇరవై ఒకటి వెలిగించాడు. ఒక చర్చి బేస్‌మెంట్‌లో, గ్రాడ్యుయేషన్ గౌన్లు అద్దెకు తెచ్చి నటులకు తొడిగి, షూటింగ్ కూడా చేసేశాడు. అసలు సంఘం ఒక ఖరీదైన హోటల్లో గదులు తీసుకుని, కరెంటు దీపాల కింద, భోజనాలు చేసి సమావేశమయ్యేది.

నిజంగా ఆధారాలున్న విషయాలు మంత్రాలకన్నా చప్పగా, వాటికన్నా భయంగా ఉన్నాయి. ఆ సంఘం ఒక పత్రిక నడిపి యూదుల మీద విషం కక్కింది. కార్మికులను లాగడానికి ఒక చిన్న బృందాన్ని పెట్టించింది. అదే పార్టీగా మారి, పేరు మార్చుకుని, నాజీ పార్టీ అయింది. ఆ సంఘం, దాని మాతృసంఘం వాడిన దరఖాస్తుల వివరాలు కూడా దొరికాయి. జుట్టు రంగు, కళ్ల రంగు, ఒంటి రంగు, ఒక ఫొటో. తనలోగానీ భార్యలోగానీ యూదు రక్తం, నల్లజాతి రక్తం లేదని ప్రమాణం. స్క్రిప్టులో దీని గురించి ఉన్న నాలుగు వాక్యాలకూ ఆకుపచ్చ వేశాను. నా షీటులో అంత గట్టి ఆకుపచ్చ ఇంకోటి లేదు.

ఈ కార్యక్రమంలో ఒక భారతీయ ముఖం కావాలని డెన్నిస్ అడిగితే రంగారావు గారి నంబరు ఇచ్చింది నేనే. అది నా తప్పు. ఆయన రిటైరైన ఇంజనీరు, మా తెలుగు అసోసియేషన్ పెద్ద. కెమెరా ముందు ఆయన, ఆర్యులు మనవాళ్లేననీ, జర్మన్లు మన వేదాల్లోని సైన్సు ఎత్తుకుపోయారనీ పదకొండు నిమిషాలు చెప్పారు. పదకొండు నిమిషాలూ ఎరుపే.

ఆ ఆదివారం అసోసియేషన్ భోజనాల దగ్గర నన్ను పట్టుకున్నారు.

"ఏమ్మా సుశీలా, మనవి ఎన్ని మినిట్స్ ఉంచారు? అందరికీ ఈమెయిల్ పెట్టేశాను."

"ఇంకా చెక్ చేస్తున్నాను అన్నయ్యగారూ."

"చెక్ చేసేదేముందమ్మా, ఆర్యులంటే మనమే! వాళ్లు కాపీ కొట్టారు, అంతే."

సంచిలో ఉన్న దరఖాస్తు వివరాల కాగితం ఆయన చేతికిచ్చాను. ఈ సంఘంలో చేరాలంటే ఇది నింపాలి, మీరైతే ఏం రాస్తారు అని అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. ఒంటి రంగు దగ్గర ఆగారు.

"వీటిష్, అదే గోధుమ రంగు, అని రాస్తే?"

"ఫొటో కూడా అంటించాలండి."

"అప్పట్లో ఫొటోలన్నీ బ్లాక్ అండ్ వైటే కదమ్మా!" అని ప్లేటుతో పెరుగన్నం వైపు వెళ్లిపోయారు.

కారెక్కేదాకా నవ్వుకున్నాను. దారిలో ఆ 'వీటిష్' అన్న మాట మనసుకు అంటుకుంది. ఆ మాట ఆయనకు అసోసియేషన్ పెళ్లి సంబంధాల ఫారంలోంచి వచ్చింది. ఆయన అడిగితే ఆ ఫారాన్ని ఎక్సెల్‌లో తయారుచేసింది నేను. ఇంటికి వెళ్లి రెండూ పక్కపక్కన పెట్టాను. మా దాంట్లో పదకొండు గడులు: ఒంటి రంగు, కులం, శాఖ, తల్లి వైపు వాళ్లెవరు, తండ్రి వైపు వాళ్లెవరు, ఫొటో... పదకొండులో ఆరు ఆ దరఖాస్తుకు దగ్గరగా ఉన్నాయి. మా ఫారం ఎవరినీ చంపలేదు, ఆ తేడా కొండంత. అయినా ఆరంటే ఆరే.

సోమవారం డెన్నిస్‌కు నా అభిప్రాయం చెప్పాను. మూడో వాక్యం ఎరుపు, సంతకం పెట్టలేను, దాని బదులు దరఖాస్తుతో మొదలుపెడదాం, మంత్రం లేకుండా మామూలు మనుషులు మామూలు గడులు నింపుతూ ఎక్కడికి వెళ్లారో చూపిద్దాం అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు. తర్వాత, ఫారాలు చూపిస్తే జనం చానల్ మార్చేస్తారు, అలాంటివి వాళ్లు ఆఫీసులో రోజూ నింపుతారు అన్నాడు. శుక్రవారానికి సంతకం కావాలనీ, పెట్టే చెకర్లు ఊళ్లో ఇంకా ఉన్నారనీ మెల్లగానే చెప్పాడు.

ఇంట్లో మా ఆయన ఒక్కటే అడిగారు, ఇన్సూరెన్స్ ఏ తారీఖు దాకా ఉంటుందని. ఏప్రిల్ ముప్పై అన్నాను.

గురువారం కొత్త స్క్రిప్టు వచ్చింది. మూడో వాక్యం: "నాజీ నాయకుడు ఆ రహస్య సంఘంలో సభ్యుడా?" రంగారావు గారి మాటలకు ముందు: "ఈ రహస్యాలు ప్రాచీన వేదాల నుంచి వచ్చాయా?" నా ఎరుపు వాక్యాలు 57 ఉండేవి. 57 కూడా ప్రశ్నలయ్యాయి. మా నియమావళిలో ఆధారం కావలసింది ప్రకటనలకే, ప్రశ్నలకు కాదు. ఇరవై ఒక్క కొవ్వొత్తులూ అలాగే వెలుగుతున్నాయి, నటులతో తీసిన కల్పిత దృశ్యం అని తెర మీద వేసిన చీటీతో. దరఖాస్తు గురించిన నాలుగు వాక్యాలూ లేవు.

మూడుసార్లు లెక్కబెట్టాను. ఎరుపు సున్నా. వద్దనడానికి నా చేతిలో నియమం లేదు. శుక్రవారం ఉదయం సంతకం పెట్టాను. నియమం ఉండి ఉంటే పెట్టేదాన్ని కాదని ఇప్పుడు చెప్పడం తేలిక. ఏప్రిల్ ముప్పై నా మనసులో లేదని మాత్రం చెప్పలేను. కాంట్రాక్టు రెన్యూ అయింది. కార్యక్రమం బాగా ఆడిందని విన్నాను. రంగారావు గారికి నలభై సెకన్లు దక్కాయి. అసోసియేషన్ ఆయనకు శాలువా కప్పింది.

నేను పెళ్లిళ్ల ఫారంలోంచి ఒంటి రంగు గడి తీసేసి పంపాను. జనం అడుగుతారమ్మా అంటూ ఆయన మళ్లీ పెట్టించారు. అప్పటినుంచి ఆ ఫైలు వేరేవాళ్లు చూస్తున్నారు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. చెకర్ ఉన్న వాక్యాలనే లెక్కబెడుతుంది. పోయిన వాక్యాలకు నంబరుండదు. నేను ఆ రోజు ఒక్క అబద్ధం మీద కూడా సంతకం పెట్టలేదు. నిజం తీసేసిన కాగితం మీద పెట్టాను. ఆ తర్వాత నా షీటులో రెండు గడులు కలిపాను: ప్రశ్నకు ఆధారం, తీసేసిన వాక్యాలు. 2015లో రిటైరయ్యేదాకా ఆ రెండూ నింపాకే సంతకం పెట్టాను. నా తర్వాత వచ్చినవాళ్లు, టైమ్ వేస్ట్ అని వాటిని తీసేశారట.