పడుకోకు, మీ ఇల్లు చెప్పు

యుద్ధం నుంచి ఆయన కాళ్లూ చేతులతో పాటు ఒక పాడు అలవాటు కూడా తెచ్చుకున్నాడని భార్య అంటుంది. ఎవరైనా కళ్లు మూస్తే చూసి ఊరుకోలేడు. కుర్చీలో కునికే పక్కింటి ముసలాయన్నయినా భుజం తట్టి లేపుతాడు.

"ఈయన పక్కనుంటే కుంభకర్ణుడు కూడా వేళకి ఉద్యోగానికి వెళ్లేవాడు!" అంటుందామె.

సైన్యంలో ఆయన పని గాయపడ్డవాళ్లకి కట్లు కట్టడం, స్ట్రెచర్ వచ్చేదాకా వాళ్లని మెలకువగా ఉంచడం. గాయం మీద గుడ్డ అదిమిపట్టి, "పడుకోకు, మీ ఇల్లు చెప్పు. గుమ్మం దాటితే ఏముంది?" అనేవాడు. వాళ్లు చెప్పేవాళ్లు. కిర్రుమనే తలుపు, కిటికీకి ఆరేసిన తువ్వాలు, అమ్మ కుట్టుమిషను. కొందరు పెరటిదాకా తీసుకెళ్లారు. ఒక కుర్రాడు వంటింట్లోకి వచ్చి ఆగిపోయాడు.

ఇప్పుడాయన సందు చివరి ఆస్పత్రిలో కట్లు కడతాడు. దూది చుడుతుంటే ఆ ఇళ్లు ఒకదాంట్లోంచి ఒకటి తెరుచుకుంటాయి. ఒకరి వసారా దాటితే ఇంకొకరి మెట్లు. అడుగుల చప్పుడుండదు. ఆ కుర్రాడి వంటింటి అవతలి తలుపు మాత్రం మూసే ఉంటుంది.

మనవరాలికి జ్వరమొచ్చింది. భయం లేదు, నిద్రపోతే తగ్గిపోతుందన్నాడు డాక్టరు. కోడలి భయం జ్వరం గురించి కాదు.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతా. పొద్దుట్నుంచి దాని రెప్ప వాలనివ్వలేదు. నేను మందులు తెచ్చేలోగా మళ్లీ లేపారో, పిల్లని మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లిపోతా."

"లేపనమ్మా. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటా."

మధ్యాహ్నపు ఎండ పరదాలోంచి వడగట్టినట్టు మంచం మీద పడుతోంది. పిల్ల రెప్పలు బరువెక్కాయి. ఆయన వేళ్లు వెనకాల ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి.

"పడుకోకమ్మా, మన ఇల్లు చెప్పు," అన్నాడు ఉండబట్టలేక.

"పొద్దుట్నుంచీ నేనే చెప్తున్నా. ఇప్పుడు నువ్వు చెప్పు తాతయ్యా."

ఆయన ఆ కుర్రాడి ఇల్లు చెప్పాడు. గుమ్మం, కుట్టుమిషను, వంటిల్లు.

"తర్వాత?"

తర్వాత ఆయనకీ తెలియదు. కాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాడు. తోస్తే తెరుచుకుంది.

"తర్వాత పెరడు. చెట్టు కింద మంచం. దాని మీద చల్లటి నీడ..."

పిల్ల ఊకొట్టడం ఆగింది. ఆయన ముందుకి వంగాడు. దుప్పటి కేసి చూశాడు. అది లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది.

గుమ్మంలో కోడలి అలికిడి వినిపించింది.

"చెప్పులు బయటే విప్పమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పడుకుంది."

చేతులింకా వెనకే ఉన్నాయి.