ఆ రోజు ఆపని పడవ

పెళ్ళయిన మూడో నెల నుంచి పదేళ్ళకు పైగా నా కాపురం పడవ మీదే. యాభైల చివర్లో ఎక్కాను, కాలువ పూడిపోయి లారీలు వచ్చేదాకా దిగలేదు. కృష్ణపట్నం నుంచి మద్రాసుకు ఉప్పు, దారిలో శ్రీహరికోట దగ్గర సరుగుడు కట్టెలు, తిరుగు ప్రయాణంలో నూనె డబ్బాలు, బెల్లం. వంట, నిద్ర, పోట్లాట, అన్నీ బకింగ్‌హాం కాలువ మీదే. ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళు "అన్ని ఊళ్ళు తిరిగినావే, ఏం నేర్చుకున్నావక్కా?" అని అడుగుతుంటారు. రెండు గిన్నెలతో పదిమందికి వండటం నేర్చుకున్నానని చెప్పి నవ్విస్తాను. చెప్పని సంగతి ఒకటి ఉంది.

గాలి ఉంటే తెరచాప ఎత్తి కూర్చోవడమే మా పని. లేకపోతే గట్టు మీదికి దిగి, భుజానికి తాడు తగిలించుకుని పడవను లాగాలి. ఆ తాడు ఒరిపిడికి నా మొగుడి భుజం కాయ కాచిపోయింది. అందుకే గాలి ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పడవ ఆపకూడదన్నది ఆయన నియమం. తెరచాప ఆయన చూసుకునేవాడు, చుక్కాని నేను పట్టేదాన్ని.

మొదటి ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, దుగరాజపట్నం దాటి ఉత్తరానికి వస్తున్నాం. దక్షిణపు గాలి బాగా పట్టింది. గట్టు మీద ఒకామె బిడ్డను భుజాన వేసుకుని మాతోపాటు పరుగెత్తుకుంటూ వస్తోంది.

"అక్కా, బిడ్డ కళ్ళు తేలేస్తా ఉండాడక్కా! కృష్ణపట్నం దాకా ఎక్కించుకోండి, ఆడ బస్సు దొరకతాది. నీకు దణ్ణం పెడతా, ఆపక్కా!"

నేను మొగుడి వైపు చూశాను.

"తిప్పబాక," అన్నాడు. "ఇట్లాంటి గాలి మళ్ళా రాదు. ఎనకాల ఇంకో పడవ వస్తా ఉండాదిలే."

వెనకాల పడవ ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు. చుక్కాని నా చేతిలోనే ఉంది. కాస్త నొక్కితే పడవ గట్టుకు చేరేది. ఆయన తిట్టేవాడు, మహా అయితే ఒకటి వేసేవాడు. నేను నొక్కలేదు. కొత్తగా పెళ్ళయినదాన్ని, భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. ఆ గాలి నాకూ హాయిగా ఉంది. పొద్దుగూకకముందే రేవు చేరి, తలకు పోసుకుని, వేడన్నం తినాలని ఉంది. ఆమె చాలా దూరం పరుగెత్తి, తాటితోపు దగ్గర కూలబడిపోయింది.

తర్వాతిసారి అదే తాటితోపు దగ్గర ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. బిడ్డ లేడు. వచ్చే ప్రతి పడవనూ తేరిపార చూస్తోంది.

తిరిగేవాళ్ళకు ఏదీ అంటుకోదని, దులుపుకుని పోతారని ఊళ్ళో ఉండేవాళ్ళు అనుకుంటారు. శుద్ధ తప్పు. ఇల్లున్నవాళ్ళయితే ఒక వీధి మానేసి ఇంకో వీధిన పోవచ్చు. మాకున్నది ఒకటే కాలువ. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆమె ముందు నుంచే పోవాలి. తాటితోపు వస్తోందంటే చుక్కాని ఆయనకిచ్చి పడవ మీది తడికల గూటి కిందికి దూరేదాన్ని. తడిక సందుల్లోంచి కూడా ఆమె కనిపించేది. మద్రాసులో కట్టెలు దించుతున్నప్పుడు ఎవరైనా అక్కా అంటే చేతిలో కట్టె వదిలేసి గట్టు వైపు తిరిగేదాన్ని. నా పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే, ఇది నాకు జరగవలసిందే అనుకునేదాన్ని. ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ చోటికి వచ్చేసరికి మాత్రం తల వంచుకుని తాళ్ళు సరిచేసుకునేవాడు.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. ఒక ప్రయాణంలో గాలి పూర్తిగా పడిపోయింది. ఆయనకు కాలు బెణికి ఉంది. ఆసారి సరుకు దొరక్క పడవ ఖాళీదే కదా అని తాడు నేనే భుజాన వేసుకుని గట్టున నడిచాను. తాటితోపు దగ్గర ఆమె లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. తాగాను.

"తాడు లాగే వాళ్ళందరికీ ఇస్తా," అంది. "ఒక పడవ కోసం చూస్తా ఉండాను. చుక్కాని కాడ ఆడమనిషి ఉండింది. మొగం సరిగ్గా గుర్తు లేదు."

"కనబడితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తానక్కా. ఆ పొద్దు నా కేకలు ఇనబడినాయా లేదా అని అడగతా. ఆడదయ్యుండి, ఇని కూడా పోయిందంటే నేను తట్టుకోలేను. ఇనబడలేదంటే, నా రాత ఇంతే అనుకోని ఇంటికి పోతా."

నేనే అని చెప్పి కాళ్ళ మీద పడాలనిపించింది. ధైర్యం చాలలేదు. పడవలోంచి ఆయన మమ్మల్నే చూస్తున్నాడు.

"గాలి మీద పోయేటప్పుడు చాప చప్పుడుకి ఏమీ ఇనబడదు," అన్నాను. "నేనూ చుక్కాని పట్టేదాన్నే. ఒట్టు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అంతేనా అక్కా?"

"అంతే."

చెంబు తీసుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి ప్రయాణంలో ఆ చోటు ఖాళీగా ఉంది. "పోనీలే," అన్నాడు ఆయన, అన్నేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఎత్తి. నేను మళ్ళీ చుక్కాని పట్టుకున్నాను. గాలి జోరుగా ఉంది, చాప నిండుగా పొంగి చప్పుడు చేస్తోంది. గట్టుకు అవతల చాలా దూరంలో మేకలు తోలుకునే ముసలాయన ఎవరినో కేకేసి ఏదో చెబుతున్నాడు. ఒక్క మాట పోకుండా నాకు వినబడింది.