వద్దు అంటే కావాలని

నా చిన్నప్పుడు నాకు బుర్ర కన్నా ముందు నోరు పుట్టిందని మా మామ్మ అనేది. మా నాన్నను కన్నతల్లి ఆవిడ. ఆ మాట మెచ్చుకోలు కాదని ఇప్పుడు తెలుసు గానీ, తొమ్మిదేళ్ళ వయసులో అదేదో బిరుదనుకుని వీధంతా చెప్పుకుని తిరిగేదాన్ని. ఆ నోటితో నేను చేసిన ఒక నిర్వాకం చెబుతాను.

యానాంలో ఇంకా ఫ్రెంచివాళ్ళ జెండా ఎగురుతున్న రోజులవి. కనకాలపేటలో మా ఇల్లు. నాన్న మిషను బడిలో పంతులు. ఆ ఏడు ఒక సర్కారు బంగళాకి తలుపులూ కిటికీలూ చెయ్యడానికి అరవదేశంలోని కారైకాల్ నుంచి ఐదుగురు వడ్రంగులు వచ్చారు. పని తెమిలాక నలుగురు వెళ్ళిపోయారు. చిల్లర పనులు మిగిలితే అవి ముగించడానికి ఐదో ఆయన ఉండిపోయి, వీధివైపు తెరుచుకునే మా పెరటి పాకలో దిగాడు. నలభై ఏళ్ళుంటాయేమో. తెలుగు ఒక్క ముక్క రాదు. తోటివాళ్ళున్నన్నాళ్ళూ వాళ్ళలో వాళ్ళు అరవంలో మాట్లాడుకునేవారు కాబట్టి ఆ లోటు తెలియలేదు. వాళ్ళు వెళ్ళాక చూడాలి ఆయన అవస్థ. సాయంత్రం పనినుంచి వచ్చి పాక ముందు కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషి మొహంలోకీ చూసేవాడు, ఎవరైనా పలకరిస్తారేమోనని. పలకరిస్తే జవాబు చెప్పలేక నవ్వేవాడు.

ఒకనాడు నన్ను పిలిచి సైగలతో ఏదో అడిగాడు. ఎవరో గిన్నె అందిస్తున్నట్టు చూపించాడు. పొట్ట తట్టుకున్నాడు, చేతులు జోడించాడు, తర్వాత నోటికేసి వేలు చూపించి నావైపు చూశాడు. తినడానికి ఏమైనా ఇస్తే, సంతోషంగా తీసుకుంటానని చెప్పడానికి మీ భాషలో ఏమనాలి? ఇదీ ఆయన ప్రశ్న. నాకు శుభ్రంగా అర్థమైంది, అదే వచ్చిన చిక్కు. ‘వద్దు’ అనాలని చెప్పాను. ఎందుకు చెప్పానంటే తమాషాకి, అంతకు మించి కారణం లేదు. ఆయన ఆ మాటను పదిసార్లు పలికి, సరిగ్గా వచ్చిందని నేను తలూపేదాకా నన్ను కదలనివ్వలేదు. నేర్పినందుకు మర్నాడు నాకో చెక్క బొంగరం చేసి ఇచ్చాడు. సిగ్గూ శరం లేకుండా పుచ్చుకున్నాను.

మా వీధి ఆడవాళ్ళది పెట్టే చెయ్యి. ఒంటరి మనిషి వండుకు తింటున్నాడు పాపం అని, ఒకరు చేపల పులుసు, ఒకరు పప్పుచారు, ఇంకొకరు గిన్నెడు అన్నం పట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆయన మొహం చేటంత చేసుకుని, రెండు చేతులూ జోడించి, “వద్దమ్మా, వద్దు” అనేవాడు. వాళ్ళు గిన్నె తిప్పుకుని వచ్చేసేవాళ్ళు. వద్దన్న మనిషికి బలవంతాన ఎవరు పెడతారు? మా అమ్మ మాత్రం వేరే అర్థం తీసుకుంది. మనం క్రైస్తవులం కదా, మన చేతి కూడు తినడేమో అని నాన్నతో చెప్పుకుని నొచ్చుకుంది. ఆ తర్వాత ఇక పెట్టబోలేదు. నేను తలుపు చాటున నోరు మూసుకుని నవ్వుకున్నాను. నెల తిరిగేసరికి ఆ పాకవైపు గిన్నె పట్టుకెళ్ళే మనిషే లేకుండా పోయింది. ఆయన కూడా దారిన పోయేవాళ్ళ మొహాల్లోకి చూడడం మానేశాడు.

ఇంతలో ముసురు పట్టింది. ఆయనకి చలిజ్వరం తగులుకుంది. రెండు రోజులుగా పాకలో పొయ్యి వెలగలేదని మామ్మ కనిపెట్టి, మూడో రోజు పొద్దున్నే గంజి కాచి పట్టుకెళ్ళింది. వెనకాలే నేను. ఆయన లేవలేక లేవలేక లేచి కూర్చుని, చేతులు జోడించి “వద్దమ్మా” అన్నాడు. అంటూనే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మామ్మ వెంటనే వెనక్కి తిరగలేదు. ఆయన నోరు వద్దంటోంది, చూపు గిన్నెను వదలడం లేదు. సరిగ్గా అప్పుడే నాకు కిసుక్కున నవ్వొచ్చింది. మామ్మ నావైపు ఒక్క చూపు చూసింది. ఆయన పక్కన చతికిలబడి, గిన్నె ఆయన చేతుల్లో పెట్టి, పైన తన చెయ్యి వేసింది. ఆయన ఊపిరి తిప్పుకోకుండా తాగేశాడు.

ఇంటికొచ్చాక చద్దన్నానికి కూర్చున్నాను. పెట్టమంటావా అంది మామ్మ. పెట్టు అన్నాను. “సరేలే, పెట్టన్లే” అని గిన్నె లోపలికి పట్టుకుపోయింది. మతిమరుపు కాబోలు అనుకున్నాను. మధ్యాహ్నం రొయ్యల ఇగురు. కావాలంటే గరిటె వెనక్కి వెళ్ళిపోయింది. ఆకలేస్తోంది మామ్మా అంటే, కడుపు నిండిందన్నమాట అని కంచం తీసెయ్యబోయింది. అమ్మ ఏదో అనబోతే మామ్మ చెయ్యెత్తి ఆపేసింది. నాకు ఉక్రోషం వచ్చి, ఏడుపు గొంతుతో నాకేం వద్దు పో అన్నాను. మామ్మ ప్రశాంతంగా కంచం నిండా అన్నం పెట్టి, పైన ఇగురు వేసింది.

అప్పుడు నాకు తెలిసింది. అన్నం ముందే భోరుమని, చేసిందంతా చెప్పేశాను. ఒక్క పూటకే నాకు ప్రాణం లేచిపోయినంత పనైతే, ఆ మనిషి నెల రోజులు ఎదురుగా వచ్చిన గిన్నెలు వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

మామ్మ తిట్టలేదు. నా మూతి కొంగుతో తుడిచి, మెల్లగా చెప్పింది. “మా తమ్ముడు రంగూను ఎల్లినప్పుడు పద్దెనిమిదేళ్ళోడే. ఆడికి అక్కడి మాట ఒక్కటీ రాదు. మళ్ళీ రానేలేదు. ఆడికి ఏ పిల్ల ఏ మాట నేర్పిందో, ఏ గుమ్మం ముందు ఆకలితో కూకున్నాడో, నాకెవరు చెప్తారే?” మామ్మకి ఒక తమ్ముడున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళింది. పాండిచ్చేరి వాళ్ళు వచ్చిపోయే ఊరు కాబట్టి మామ్మకి నాలుగు అరవ ముక్కలు తెలుసు. వద్దు అంటే వేండాం అని నా నోటితో నన్నే చెప్పమంది. తలొంచుకుని చెప్పాను. ఆయనకి ముందు బుర్రకెక్కలేదు. వేండామా అని రెండుసార్లు అడిగాడు. అప్పుడిక కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన నన్ను చూడనే లేదు. వాకిట్లోకి వేలు చూపించి, తనకొచ్చిన వంకర తెలుగులో, “ఆ ఇల్లు... నిజం పెట్టింది?” అని అడిగాడు. పెట్టింది నాయనా అంది మామ్మ. పక్కిల్లు చూపించాడు. వాళ్ళూ పెట్టారంది. ఆ పక్కది, ఎదురుది, చివరికి మాది. ఒక్కొక్క ఇంటికీ మామ్మ తలూపుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఊరంతా తనతో ఎకసెక్కాలాడుతోందని నెల రోజులుగా కుమిలిపోతున్నాడట. పగలబడి నవ్వి, ఆ నవ్వుతోనే మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

అప్పట్నుంచి మామ్మకీ ఆయనకీ స్నేహం కుదిరింది. సాయంత్రాలు అరుగు మీద ఆవిడ తెలుగులో, ఆయన అరవంలో మాట్లాడుకునేవారు. ఎవరికెంత అర్థమయ్యేదో గానీ, మాట తెగేది కాదు. ఆయనకో అన్న ఉన్నాడట, ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉన్న సైగానులో. ఇక్కడ పనయ్యాక ఓడెక్కి వెళ్ళి, అన్నదమ్ములిద్దరూ కలిసి కుర్చీలూ బల్లలూ చేసే కొట్టు పెట్టాలని ఆయన కోరిక. ఆ కొట్టు గుమ్మం మీద పెట్టే పలక కూడా ముందే చెక్కి, ఇద్దరి పేర్లూ అరవ అక్షరాల్లో తీర్చి పెట్టుకున్నాడు. ఇంతలో తెల్లవాళ్ళ జెండా దిగిపోయింది. ఊరు పండగ చేసుకుంది, నేనూ గెంతాను. ఓడకి కాగితాలిచ్చేవాళ్ళు లేక ఆయన సైగాను అక్కడితో ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం ఆ పలకను చిత్రిక పట్టి, పేర్లు చెరిపేసి, మామ్మకి పీట చేసి ఇచ్చాడు. మామ్మ దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు.

కారైకాల్ వెళ్ళిపోయే ముందు వారం రోజులు మా వీధిలో ఇంటికో పూట భోజనం చేశాడు. మా ఇంట్లో తిన్న పూట అమ్మ నన్నే వడ్డించమంది. తలెత్తకుండా వడ్డించాను. ఆయన మాత్రం తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, నా తల మీద చెయ్యి వేసి, “నాకు తెలుగు నేర్పిన అమ్మాయి” అని అందరికీ చెప్పాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు నేల చీల్చుకుని లోపలికి పోదామనిపించింది.

ఇప్పటికీ ఎవరైనా మన భాష రాక తడబడితే నాకు నవ్వు రాదు, భయమేస్తుంది. వాళ్ళకి సరైన మాట అందేదాకా అక్కడి నుంచి కదలలేను. మా మనవలు చాదస్తం అంటారు. అననీ. ఆయన ఆవేళ నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే, కాసేపు ఏడ్చి మరిచిపోయి ఉండేదాన్ని.