సీసాలో ఏముండె అక్కా

పటాన్‌చెరులో మేం కిరాయికుంటున్న ఇంటి పై వాటాలో ఒక అక్క ఉండేది. మా ఐదేళ్ల పిల్లకు ఆమె ఇల్లే ఇష్టం. బడి నుంచి రాగానే సంచి నా మీదికి విసిరేసి పైకి ఉరికేది. "నీ మకాం అక్కడికే మార్చుకో పోరాదే" అని వెక్కిరించేదాన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే పైనుంచి పిల్ల అరుపు వినిపించింది. అది ఆటలో అరిచే అరుపు కాదు. చేట అక్కడే పడేసి పరుగెత్తాను.

పిల్ల వంటింట్లో కింద కూర్చుని రెండు చేతులతో నోరు పట్టుకుంది. పెదవులు ఎర్రగా పొంగాయి, చొంగ కారుతోంది. పక్కనే మూత లేని కూల్‌డ్రింక్ సీసా. అక్క కక్కించడానికి ఉప్పునీళ్లు తెచ్చింది. ఆ గ్లాసు లాక్కుని పారబోశాను. తెలిసి చేసింది కాదు. ఆ ఇంట్లోది ఇంకేదీ నా పిల్ల నోట్లోకి పోకూడదనిపించింది, అంతే.

"ఏం తాగింది?"

"బాత్రూం కడిగే నీళ్లు చెల్లె. జెరంతనే." ఆమె నా కళ్లలోకి చూడలేదు.

పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కాను. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఫోన్లు కంపెనీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు, ఎంత చేసినా ఎత్తే దిక్కు లేదు. దారంతా పిల్ల ఏడవడం ఆపినప్పుడల్లా బుగ్గలు తట్టి మళ్లీ ఏడిపించాను.

మా గల్లీవాళ్లందరం పోయే దవాఖానలో అక్క చెప్పిన మాటే చెప్పాను. "ఇది బాత్రూం నీళ్ల వాసన కాదు. ఏం తాగిందో తెలియాలమ్మా, జల్దీ కనుక్కోండి" అన్నాడు డాక్టరు.

అప్పుడు వెలిగింది నాకు. అక్క భర్త గుమ్మడిదల వైపు మందుల కంపెనీలో పని చేస్తాడు. అక్కడి నుంచి మరకలు పోయే ద్రావకమేదో గుట్టుగా తెచ్చి ఆ సీసాలో పోసి ఉంటాడు. నా నోరు ఎంత మంచిదో మా గల్లీ అంతటికీ తెలుసు. కానీ ఇప్పుడు తిడితే ఆమె ఫోన్ పెట్టేస్తుంది. వచ్చిన బూతులన్నీ మింగి ఫోన్ చేశాను.

"అక్కా, నాకు నీ మీద కోపం లేదు. కేసు గీసు ఏం పెట్టం. సీసాలో ఏముండె, గదొక్కటి చెప్పు."

కోపం లేదన్నది పచ్చి అబద్ధం.

"ఆయన నౌకరి పోతది చెల్లె."

"నా బిడ్డ పోతది అక్కా."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇగ చెప్పదు, నా పిల్ల దక్కదు అనుకున్నాను.

కాసేపటికి అక్కే దవాఖానకు వచ్చింది, కాళ్లకు చెప్పుల్లేకుండా. చేతిలో కవర్లో చుట్టిన సీసా. ఊరికి పోయిన భర్తకు ఫోన్ కలిపి డాక్టరు చేతికిచ్చింది. అతను దాని పేరు చెప్పాడు.

పిల్ల ఎక్కువ మింగలేదు. గొంతు దక్కింది. "కక్కించకపోవడం మంచిదైంది, లేకుంటే గొంతు ఇంకోసారి కాలేది" అన్నాడు డాక్టరు. అక్క తల దించుకుంది.

మాట ఇచ్చినట్టే కేసు పెట్టలేదు, బయట ఎవరికీ చెప్పలేదు. పిల్ల మళ్లీ పైకి ఆడుకోవడానికి పోతోంది. అది దిగి వచ్చేదాకా నేను మెట్ల మీదే కూర్చుంటాను.

నిన్న అన్నం తింటూ నీళ్లడిగింది. మా కుండలోవే ముంచి ఇచ్చాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసి, "తాగొచ్చా అమ్మా?" అంది.

ముందు నేను రెండు గుక్కలు తాగి, గ్లాసు దాని చేతికిచ్చాను.