మెట్ట మీద దిగిన విమానం

నా భార్య పోయింది. పోయిన నెల, పట్నం దవాఖానలో, మధ్యాహ్నం పూట. టైఫాయిడ్ అన్నారు. జహీరాబాదులో మమ్మల్ని ఎరిగినవాళ్లకు ఈ కబురు ఇదివరకే అందింది. ఎరగనివాళ్లకు ఆమె ఎవరో చెప్పాలని ఇది రాస్తున్నాను.

పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె ఓర్పు గురించి, వచ్చినవాళ్లను అన్నం తినకుండా పంపని గుణం గురించి మాట్లాడారు. అవన్నీ నిజమే. అయితే ఆమె చేసే పని ఒకటుండేది. ఈ చుట్టుపక్కల మరొకరు చెయ్యగా నేను చూడలేదు. మూరెడు కూడా లేని కొయ్య బొమ్మను ఫోటో తీసేది. చూసినవాడు అది ఆకాశం నుంచి దిగిన విమానమేనని ఒట్టేసి చెప్పేవాడు.

ఆమె తండ్రి గుల్బర్గాలో ఫోటోలు తీసేవాడు. ఫోటో గాజు పలకలు కడిగే చీకటి గదిలోనే ఆమె పెరిగింది. పెళ్లికి మామగారు తన పాత కెమెరా ఒకటి ఆమెకిచ్చి పంపాడు. తోలు మడతలది, మూడు కాళ్ల మీద నిలిచేది. నేను ఇక్కడి బడిలో లెక్కలు చెబుతాను. కాలేజీలో వెలుతురు గురించి చదువుకున్నాను. వెలుతురుతో పని చేసే మనిషి మా ఇంట్లో ఆమె.

చిన్నచిన్న అలవాట్లు కొన్ని ఉండేవి. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, గోడ మీద చెంబు నీడను చూసేది. పప్పు చల్లారేది. ఎవరైనా ఇంటికి వస్తే ముందు ముఖం మీద వెలుగు ఎటు పడుతోందో చూసి, ఆ తర్వాతే రమ్మనేది. నేను తొందరపెడితే ఒకటే మాట: "ఎండ తొందరపడుతలేదు. మీకేంది తొందర?"

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా ఊరి మీదుగా విమానాలు పోయేవి. ఒక మధ్యాహ్నం ఆమె మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తుంటే ఒకటి పోయింది. కిందికి దిగి వచ్చి అడిగింది.

"ఎంతుంటదది?"

"మా బడి వరండా అంత."

"నా కంటికి చిటికెన వేలంత కనవడ్డది. వరండా అంతంటే ఎట్ల నమ్మాలె?"

నమ్మించడానికి బొమ్మ చెక్కాను. పత్రికలో పడిన చిత్రం చూసి, బూరుగు కొయ్యతో. మా పక్కింటి దర్జీ సాబ్ సిగరెట్లు బాగా తాగుతాడు. ఆయన దాచిపెట్టిన వెండి కాగితాలు జొన్నపిండి జిగురుతో రెక్కల మీద అంటించాను. నెల పట్టింది. కిటికీలో పెట్టి పిలిచాను. ఆమె చూసింది.

"గూట్ల పిచ్చుక లెక్కున్నది," అంది.

నా ముఖం చూసి నవ్వింది. తర్వాత ఏమనుకుందో బొమ్మను నేల మీద పెట్టి, తానూ బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి ఒక కన్ను మూసింది. చాలాసేపు అట్లాగే ఉంది. లేచి చెంప తుడుచుకుంటూ అంది:

"బొమ్మ చిన్నగ లేదు. మనం పెద్దగున్నం."

ఈ మాట విన్ననాటి నుంచి నాకు ఏ వస్తువూ మునుపటిలా కనిపించలేదు.

తర్వాత ఆమె చేసినదంతా ఆ ఒక్క మాటను పట్టుకునే. కోహీర్ తోవలో ఒక మెట్ట ఉంది. దాని అంచు దాటితే నేల మెల్లగా దిగుతూ పోతుంది. అంచు మీద బొమ్మను నిలబెట్టింది. దాని ముందు గుంత తవ్వించి కెమెరాను గుంతలో దించింది. కెమెరా కన్ను నేలకు నాలుగు వేళ్ల ఎత్తున మాత్రమే ఉండాలి. ఆ రెక్క కింద నడిచే మనిషి ఒకడుంటే, వాడి కళ్లు అంత ఎత్తులోనే ఉంటాయి కదా. బొమ్మ చుట్టూ ఎర్రమట్టిని పాత ధోవతిలో జల్లించి పోసింది. మామూలు మట్టిలోని ఇసుక పలుకు ఫోటోలో బండరాయి అవుతుంది. గడ్డిపోచ చెట్టవుతుంది. ఒక్కొక్కటీ వేళ్లతో ఏరింది.

దీపాలు పనికిరావంది. ఎందుకో ఆమె చెప్పలేకపోయింది, నేను చెప్పాను. దీపం దగ్గర ఉంటుంది కనుక నీడ పరుచుకుపోతుంది. సూర్యుడు ఎంతో దూరం కనుక కిరణాలు పక్కపక్కనే సాగి వస్తాయి. నీడ పెద్ద విమానానికి పడ్డట్టే పడుతుంది. ఆమె విని, "గందుకేనా? మా నాయన ఎన్నడు చెప్పలే," అని సంతోషించింది. కెమెరా కన్నును సూది బెజ్జమంత చేస్తే దగ్గరి బొమ్మా దూరపు తాటిచెట్లూ రెండూ స్పష్టంగా వస్తాయి. కానీ పలక మీద వెలుగు పడడానికి చాలాసేపు కావాలి. ఈలోగా గాలి వీస్తే అంతా పోయినట్టే. నేను దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఆ తర్వాత ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. విమానం పక్కన మనిషి ఉండాలి. గాలి లేని ఒక పొద్దున నన్ను మెట్ట దాటి, కింద చేలోకి నడవమంది. దూరం పోయినకొద్దీ మనిషి చిన్నవాడవుతాడు. బొమ్మకు సరిపడా చిన్నవాడయ్యేదాకా నన్ను నడిపించి ఆగమంది. కడిగి ఎండబెట్టిన ఫోటో చూస్తే, నేను ఒక పెద్ద వెండి విమానం రెక్క కింద నిలబడి ఉన్నాను. నేను చెక్కిన విమానమే. నా వేలు తెగి నెత్తురు అంటిన రెక్కే. అయినా దాన్ని చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ఒక నకలు దర్జీ సాబ్‌కు ఇచ్చాం, సిగరెట్టు కాగితాలకు బదులు. ఆయన దుకాణంలో గోడకు కొట్టాడు. చూసినవాళ్లంతా అడిగారు. ఆయన మంచివాడే. కానీ అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి ఆయన జవాబూ పెరుగుతూ పోయింది. మొదట బొమ్మ అన్నాడు. తర్వాత నవ్వి ఊరుకున్నాడు. చివరికి, "కోహీర్ తోవల దిగింది. పెట్రోల్ అయిపోయిందంట. మా మాస్టర్ సాబే చాయ్ తాపిండు," అనే దాకా వచ్చాడు.

మా ఠాణాలో పెద్ద పోలీసు అమీన్ సాబ్ చొక్కా కుట్టించుకోవడానికి ఆ దుకాణానికే వచ్చాడు.

యుద్ధం రోజులు. విమానాల ఫోటోలు తియ్యడం నేరం. నన్ను ఠాణాకు పిలిపించారు. బల్ల మీద ఆ ఫోటో ఉంది.

"హవాయి జహాజ్ ఏడ దిగింది మాస్టర్?"

"దిగలేదు సాబ్. అది బొమ్మ."

"అచ్ఛా. రెక్క కింద నిలవడ్డది ఎవరు?"

"నేనే సాబ్."

"బొమ్మ రెక్క కింద నువ్వు నిలవడ్డవా? బడిల పోరగాండ్లకు గిసొంటి లెక్కలే చెప్తున్నవా?"

బొమ్మను తెప్పించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఫోటో వంక చూశాడు, బొమ్మ వంక చూశాడు. కోపం ఎక్కువైంది. "దీన్ని చూపిచ్చి దాన్ని దాస్తవా? ఏ ఫౌజీ నీకు దోస్తు? చెప్పు."

ఆమె కొంచెం తక్కువ నేర్పుగా తీసి ఉంటే బయటపడేవాణ్ణి. ఫోటోలో ఎక్కడా తప్పు లేదు. అదే నా మీద సాక్ష్యం. కెమెరా జప్తు చేస్తామన్నాడు, కేసు సంగారెడ్డికి పంపుతామన్నాడు. కేసు అక్కడిదాకా పోతే నౌకరీ పోతుంది. నౌకరీ సంగతి ఏమో గాని, ఆ కెమెరా ఆమె చేతుల్లోంచి పోవడం నేను ఊహించలేకపోయాను.

అప్పుడు ఆమె వచ్చింది. మా ఊళ్లో ఆడవాళ్లు ఠాణా ముందు నుంచి కూడా నడవరు. కొంగు తల మీదికి లాక్కుని, దర్జీ సాబ్‌ను వెంటబెట్టుకుని, ఆ ఫోటో గాజు పలకను మెత్తని గుడ్డలో చుట్టుకుని, భూతద్దం పట్టుకుని వచ్చింది. దర్జీ సాబ్ తల వంచుకుని నిలబడ్డాడు.

"సాబ్, గీ భూతద్దం పెట్టి చక్రం కాడ చూడున్రి," అంది.

పలకను వెలుగుకు పట్టి అమీన్ సాబ్ చూశాడు.

"ఏమున్నది? కుక్క."

"కాళ్లు ఎన్నున్నయి సాబ్?"

ఆయన పెదవులు కదిలాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "ఆరు," అన్నాడు.

"ఆరు కాళ్ల కుక్క మీ ఇలాకల ఉన్నదా?"

తలుపు దగ్గరి జవాను దగ్గు నటించాడు. ఆమె నవ్వలేదు. "జొన్నపిండి జిగురుకు చీమ వచ్చి అంటుకున్నది సాబ్. పలకల పడ్డది," అంది.

అమీన్ సాబ్ భూతద్దాన్ని బల్ల మీద పెట్టాడు. తర్వాత, "చీమ సరే. మరి మనిషి?" అన్నాడు. "రేపు పొద్దుగాల నా కండ్లకు చూపియ్యాలె. చూపియ్యకుంటే కెమెరా నాది, మాస్టర్ సర్కారుది."

ఇంటికి పోతూ అడిగాను, చీమ పడ్డ పలకను ఎందుకు పారెయ్యలేదని. "మొత్తం ఫోటో నమ్మిచ్చేటందుకే తీసిన," అంది. "అడిగినోనికి నిజం చెప్పేది ఒక్కటన్న అండ్ల ఉండాలెనని ఉంచిన."

మరునాడు మెట్ట మీద అన్నీ యథాప్రకారం అమర్చింది. మట్టి జల్లించింది. నీడ సరిపోయేదాకా ఎండ కోసం ఆగింది. అమీన్ సాబ్ గడియారం తీసి చూసుకుంటుంటే, నాకు చెప్పే మాటే ఆయనకూ చెప్పింది. ఆయన గడియారం జేబులో పెట్టుకున్నాడు.

ఆయన భారీ మనిషి. టోపీ తీసి జవానుకిచ్చి, గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత బోర్లా పడుకుని, కెమెరా మీది నల్లగుడ్డ కింద తల పెట్టాడు.

"ఏం కనవడ్తలేదు."

"జర ఓపిక పట్టున్రి సాబ్. కండ్లు చీకటికి అలవాటు కావాలె."

ఎంతోసేపటికి గుడ్డ కింది నుంచి చిన్న గొంతు వినిపించింది. ఠాణాలో విన్న గొంతు కాదు.

"యా అల్లా."

లేచేసరికి ఆయన ముఖానికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. దులుపుకోలేదు. బొమ్మ వంక చూసి, మళ్లీ గుడ్డ ఎత్తి లోపలికి చూశాడు. అయినా పోలీసు పోలీసే. "ఇగ మనిషిని నిలవెట్టు. మాస్టర్ను కదలనియ్య. నా పక్కకే ఉండాలె," అన్నాడు.

"అట్లైతే నేను పోత," అంది ఆమె. "మా ఆయన కెమెరా వెనక అద్దంల చూసి చెప్తడు."

ఆ తర్వాత ఏమైందో ముందే చెబుతాను. కెమెరా మా ఇంట్లోనే ఉండిపోయింది, నౌకరీ కూడా ఉంది. అమీన్ సాబ్ ఆ ఫోటోకు నకలు ఒకటి అడిగి తీసుకున్నాడు, చీమ ఉన్నదే కావాలని. దర్జీ సాబ్ అబద్ధం మానలేదు, కాకపోతే చాయ్ సంగతి తీసేశాడు. మొన్న వచ్చి అరుగు మీద కూర్చుని, "ఫోటో దుకాన్ల ఇంక ఉన్నది మాస్టర్. తీయాల్నా?" అని అడిగాడు. ఉండనివ్వమన్నాను.

ఆ పొద్దున నేను నల్లగుడ్డ కింద తల పెట్టాను. అన్నాళ్లూ దుప్పటి పట్టుకోవడమో, చేలోకి నడవడమో నా పని. అద్దంలో చూసి చెప్పడం ఆమె పని. కనుక నేను ఆ అద్దంలోకి చూడడం అదే మొదలు. ముందు అంతా చీకటి. మెల్లమెల్లగా తెలవారినట్టు బొమ్మ తేలింది. తలకిందులుగా ఉంది. ఎర్రనేల పైన, ఆకాశం కింద. ఫోటోలో ఎన్నడూ రాని రంగులన్నీ అందులో ఉన్నాయి. వెండి రెక్కల మీద ఎండ మెరుస్తోంది. దాని కింద నిలబడితే ఎంత చల్లగా ఉంటుందో అనిపించేంత పెద్ద నీడ.

ఆమె పసుపు చీర అద్దంలోకి వచ్చింది. దగ్గరున్నప్పుడు రాక్షసిలా ఉంది. రెక్కలు ఆమె చీలమండకు కూడా రాలేదు. నడిచింది. రెక్క మోకాలి దాకా వచ్చింది, తర్వాత నడుము దాకా.

"ఇంక జర దూరం," అన్నాను.

నా మాటను అమీన్ సాబ్ గట్టిగా అరిచాడు. వాలు మీద నిలబడ్డ జవాను ఇంకా గట్టిగా అరిచాడు. ఆమె వెనక్కి తిరగకుండా నడిచింది. రెక్క భుజాల దాకా వచ్చింది.

"ఇంక జర."

తల రెక్క కిందికి వచ్చింది. పాదాలు చక్రం పక్కన నేలను తాకాయి.

"చాలు. ఆగుమనున్రి."

ఆగింది. ఇటు తిరిగింది. గాలి పూర్తిగా పడిపోయి ఉంది. అంత దూరం నుంచి ఆమెకు బొమ్మ కనిపించదు. రెక్క ఎక్కడుందో తెలిసే దారి లేదు. కుడి చెయ్యి మెల్లగా పైకెత్తింది. అద్దంలో ఆమె అరచెయ్యి వెండి రెక్క అంచును సరిగ్గా తాకి, అక్కడే నిలిచింది.