లూమెన్ ముందే ఇచ్చిన బలాతో

మా వీధిలో సోమవారం పొద్దున పని చేసేవాళ్లు తక్కువ. నా మోటారు ట్రైసికిళ్ల రిపేరు షాపు షట్టరు కూడా ఆ పూట సగం దించే ఉంటుంది. అమెరికాలో ఆదివారం సాయంత్రం మొదలయ్యే పెద్ద ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంటు ఫిలిప్పీన్స్‌లో ఉన్న మా ఇలోయిలో ఊరికి సోమవారం ఉదయానికి వస్తుంది. అందులో మా మనాంగ్ లూమెన్ ఆడుతుంది. మేము ఆమె కుర్చీ వెనక నిలబడతాం. మూడేళ్లుగా మాకిదే ఉద్యోగం.

మనాంగ్ అంటే అక్క. నాకు రక్తసంబంధమేమీ కాదు, వీధి మొత్తానికీ అక్కే. పందొమ్మిదేళ్లు చేపల రేవులో కాటా దగ్గర కూర్చుంది. బుట్ట కాటా మీద పెట్టకముందే బరువు చెప్పేదనీ, తప్పితే పావు కిలో తప్పేదనీ అంటారు. ఆమె భర్త ఓడలో వంటవాడు. సముద్రం మీద ఊసుపోక నేర్చుకున్న పోకర్‌ని సెలవుల్లో ఇంటికొచ్చి పెళ్లానికి నేర్పాడు. ఆయన పోయాక, రేవులో కొత్త కాటాలొచ్చి ఈమెను ఇంటికి పంపించాక, చేతిలో మిగిలినవి ఒక చిన్న కొట్టు, ఆ ఆట. యాభై ఆరేళ్ల మనిషి, కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుని, కొట్టు కిటికీ పక్కన పాత లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. సబ్బు అడిగితే అందిస్తూనే ఆడుతుంది.

ఆడటానికి కట్టాల్సిన డబ్బు ఆమెది కాదు. మనీలాలో హోవెన్ అని ఒకాయన పదిమంది ఆటగాళ్లను పోషిస్తాడు. ప్రవేశ రుసుము ఆయన కడతాడు, గెలిచినదాంట్లో సగం తీసుకుంటాడు. ఆ పదిమందిలో మా లూమెన్ ఒకతె. మూడేళ్లలో పదిహేడుసార్లు ఫైనల్ టేబుల్‌కు, అంటే వేలమంది ఓడిపోగా మిగిలే ఆఖరి తొమ్మిదిమందిలోకి వెళ్లింది. మొదటి స్థానం మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆరు, ఐదు, మళ్లీ ఆరు. ఒకసారి మూడు.

మాకదే గొప్ప. గెలిచినవాడు చుట్టూ ఉన్నవాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టాలి. దాన్ని బలాతో అంటాం. అడగకూడదు, ఊరికే అక్కడ ఉండాలి. ఆమెకు ఆరో స్థానం వస్తే మనిషికి వంద పెసోలు, ఐదైతే నూట యాభై, ఆ మూడో స్థానం రోజున రెండు వందలు. పందెం బిళ్లలు, అంటే చిప్స్, అయిపోయి టేబుల్ మీద ఎవడో ఒకడు బయటికి పోయినప్పుడల్లా మేము చప్పట్లు కొట్టేవాళ్లం. లూమెన్ తన ముక్కలు చూసుకుని ఆలోచనలో పడితే ముందు నోరు తెరిచేది నేనే.

"పారెయ్ మనాంగ్! ఆ చిప్స్ తక్కువున్నోడు పోయేదాకా కదలకు!"

"పారెయ్యవే తల్లీ, తొందరేముంది," అని సిద్రా అవ్వ తాళం వేసేది. ఆమెకు ఎనభై దాటాయి. అందరికంటే ముందొచ్చేది, కూర్చోవడానికి పీట కూడా తెచ్చుకునేది.

లూమెన్ పారేసేది. ఓడిపోయాక మా వైపు తిరిగి, "ఏమనుకోకండర్రా, ఇంతవరకే లాగగలిగాను," అనేది. ఓడింది ఆమె, క్షమాపణ మాకు. మేమూ పెద్దమనసు చేసుకుని క్షమించేవాళ్లం. అప్పట్లో నాకిందులో తప్పేమీ కనిపించలేదు.

జులై చివర హోవెన్ ఫోన్ చేశాడు. ఆ సంగతి లూమెన్ నా షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని చెప్పింది. మొహం కందగడ్డలా ఉంది.

"నా గురువారం ఆటలూ సోమవారం ఆటలూ పక్కపక్కన పెట్టి చూశాడంట. గురువారం చిప్స్ ఎక్కువుంటే ఎదుటోళ్ల పీక మీద కూర్చుంటారు, సోమవారం అవే చిప్స్ పెట్టుకుని పొదిగే కోడిలా కదలరు అన్నాడు. సోమవారం మీ ఇంట్లో ఎవరుంటారు అనడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? గురువారం మీరంతా పనుల్లో ఉంటారు, ఆడగలుగుతున్నా. ఈ మాట పరాయి మనిషికెట్లా చెప్పేది?"

ఆగస్టులో నాలుగు సోమవారాలున్నాయి. మొదటి స్థానం రాకపోయినా ఫర్వాలేదు, మొదటి స్థానం కోసం ఆడిన ఆట ఒక్కటి చూపించమన్నాడు హోవెన్. చూపించకపోతే ఆమె చోటు ఇంకొకరిది. ఆ చోటు పోతే సబ్బులూ ఉప్పు పొట్లాలే గతి. అది కాదు ఆమె బాధ. ఆ ఆట తనకు వచ్చునని ఆమెకు తెలుసు. వచ్చిన ఆట ఆడకుండా పోతానేమోనని బాధ.

"తలుపేసుకో మనాంగ్," అన్నాను.

"సిద్రా అవ్వ మొహం మీదా?"

నిజమే. మా వీధిలో పగటిపూట తలుపు వేస్తే ఏదో దాస్తున్నారనుకుంటాం. తెల్లారితే ఆమె కొట్లో ఉప్పు కొనేవాడుండడు.

"పెద్ద పందెం పెట్టాల్సొచ్చినప్పుడు నాకు ముక్కలు కనపడవురా ఎఫ్రెన్. అవ్వ మందుల సీసా కనపడుద్ది. నీ కూతురి బూట్లు కనపడతాయి. ఇంకొకడు పోయేదాకా ఆగితే మీకు తలా ఇంకో యాభై కదా అనుకుంటా."

నాకు ఒళ్లు మండింది. "మేమేమన్నా అడిగామా?"

"అడగలేదు. అడిగితే కాదనేదాన్ని."

మొదటి రెండు సోమవారాలు ఆమె ఫైనల్ టేబుల్ దాకా రాలేదు. మూడోవారం అందరికంటే ఎక్కువ చిప్స్‌తో వచ్చి, ముక్కలు పారేస్తూ పారేస్తూ ఏడో స్థానంలో పోయింది. ఆ రోజు నోరు మూసుకుందామనే వెళ్లాను. మూసుకోలేకపోయాను.

నాలుగో సోమవారం జోరున వాన. పది దాటాక, తొమ్మిదిమంది మిగిలారని కబురొచ్చి మేము చేరేసరికి, ఆటకు ఐదు నిమిషాల విరామం. బల్ల మీద పెద్ద పళ్లెం నిండా పాన్సిత్ నూడుల్స్, పక్కన కవర్ల దొంతర. లూమెన్ లేచి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కవరు పెట్టింది. తెరిచి చూస్తే రెండు వందల పెసోలు.

సిద్రా అవ్వ హడలిపోయింది. "ఇంకా గెలవందే బలాతో ఏంటే? అరిష్టం!"

"అరిష్టమైతే నాకే అవ్వా. పట్టుకో." తర్వాత అందరికీ వినబడేలా, "ఇవాళ్టి మీ వాటా మీకు ముట్టింది. ఇంక నేనేం చేసినా మీ సొమ్ము పోదు. తినండి," అంది.

పదకొండుమందిమి. కవరు జేబులో వేసుకుని, పాన్సిత్ తిని, మూతి తుడుచుకుని నలుగురు వెళ్లిపోయారు. వాళ్లు గడప దాటడం లూమెన్ చూసింది. కళ్లద్దాలు పెట్టుకుంది.

ఆ తర్వాత నేను చూసిన మనిషి నాకు తెలిసిన లూమెన్ కాదు. చిప్స్‌లో ఆమెది రెండో స్థానం. వరసగా పందెం పెంచుతూ పోయింది. ముక్కలేమో చెత్తవి, ఏడు, మూడు. ఇంకోసారి జాకీ, నాలుగు. అయినా ఎదుటివాళ్లే పారేసేవాళ్లు. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ టేబుల్ మీద ప్రతివాడికీ తనకంటే ముందు ఇంకొకడు పోవాలని ఉంటుంది. పోయినకొద్దీ మిగిలినవాళ్ల బహుమతి పెరుగుతుంది. ఆ భయం ఉన్నవాడి మీదికి చిప్స్ ఎక్కువున్నవాడు పందెం విసిరితే, మంచి ముక్కలున్నా ధైర్యం చాలదు. మూడేళ్లు ఆమెను అందరూ అలాగే దోచుకున్నారు. ఆ భయాన్ని వెనకనుంచి అందించింది మేము.

ఎనిమిదిమంది, ఆరుగురు, నలుగురు. చివరికి ముగ్గురు మిగిలారు. అందరికంటే ఎక్కువ చిప్స్ ఆమెవే. ఒకడి దగ్గర నాలుగు చుట్లకు కూడా చాలనన్ని చిల్లర చిప్స్. రెండోవాడు బలమైనవాడు, కానీ ఆ చిల్లరవాడు పోయేదాకా ఆగుదామని చూస్తున్నాడు. లూమెన్‌కు ఆసు, ఎనిమిది వచ్చాయి. ఆ చిల్లరవాడు తన ముక్కలు పారేశాడు, ఆ ఆటలో ఎదురుగా బలమైనవాడొక్కడే మిగిలాడు.

"పారెయ్ మనాంగ్..." నా నోరు దానంతటదే అంది.

ఆమె తన చిప్స్ మొత్తం పందెంలోకి తోసేసింది.

వాడు చాలాసేపు ఆలోచించాడు. పదిసార్లకు ఎనిమిదిసార్లు పారేసేవాడే. ఆ రోజు వాడి దగ్గర పదుల జత ఉంది. ఇద్దరికీ ఉమ్మడిగా టేబుల్ మీద ఐదు ముక్కలు పడ్డాయి, ఒక్క ఆసూ రాలేదు. ఆమెకు మిగిలిన కాసిని చిప్స్ తర్వాతి ఆటలో పోయాయి. మూడో స్థానం.

లూమెన్ మా వైపు తిరిగింది, అలవాటుగా నోరు తెరిచింది. "ఏమను..." అని ఆగిపోయింది.

నేనుండబట్టలేక అరిచాను. "ఎందుకు పెట్టావు మనాంగ్? రెండు నిమిషాలాగితే ఆ చిల్లరోడు పోయేవాడు! రెండో స్థానం వచ్చేది!"

"నీది నీకు ఇచ్చేశానుగా," అంది. "ఇది నేను ఓడింది. నన్ను ఓడనియ్యి."

సిద్రా అవ్వ లేచి, చెయ్యి పట్టుకుని ఆమెను తన పీట మీద కూర్చోబెట్టింది. పళ్లెంలో అడుగున మిగిలిన పాన్సిత్ గిన్నెలో వేసి ఇచ్చింది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. నేను తలొంచుకుని షాపుకొచ్చేశాను.

బుధవారం ఆమె షాపుకొచ్చింది. నేను కార్బురేటర్ విప్పుతున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది.

"హోవెన్ ఫోన్ చేశాడు. ఆ గంట ఆట రెండుసార్లు చూశాడంట. ఆసు-ఎనిమిది తొయ్యకపోయుంటే నా చోటు తీసేసేవాణ్ణన్నాడు. వచ్చే సోమవారం మళ్లీ ఆడమన్నాడు."

సంతోషంతో ఆమె మొహం పదేళ్లు చిన్నదైంది. నేను కార్బురేటర్ పక్కన పెట్టాను. చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాను.

"మనాంగ్, ఓడినా అది తొయ్యడం ఎట్లా సరైందో నాక్కొంచెం చెప్పవా? నాకు ఆట రాదు."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను తేరిపార చూసింది.

"మూడేళ్లు నా వెనకే నిలబడ్డావు కదరా. మరి ఏం చూశావు?"

"నువ్వు ఎన్నో స్థానంలో ఉన్నావో చూశాను," అన్నాను.